గ్వెల్ఫ్‌లో ఆరిళ్ల వరస

నా భార్య సరళ కట్టిచ్చిన పులిహోరతో ఉదయం ఏడింటికి టొరంటో పక్కనున్న మార్కమ్‌లో రైలెక్కాను. మా అమ్మాయి లావణ్య గ్వెల్ఫ్‌లో ఒంటరిగా ఉంటూ యూనివర్సిటీలో పనిచేస్తోంది. విక్టోరియా రాణి ఏలుబడి తొలినాళ్ల ఇల్లొకటి కొంటానంటోంది. సాయంత్రంలోగా సంతకం పెట్టాలి, నేను సరేనంటేనే పెడుతుంది. జీవితమంతా వంతెనలు కట్టించినవాణ్ణి, వద్దనడానికే బయల్దేరాను.

టొరంటోలో రైలు మారాక పక్క సీట్లో నెల్లూరు డాక్టరుగారొకరు కలిశారు. “హెరిటేజ్ ఇల్లా? కిటికీ మార్చాలన్నా సిటీ పర్మిషన్ కావాలండీ. సొంతింట్లో అద్దెకున్నట్టే” అన్నారు. నా అనుమానానికి తోడు దొరికింది.

పదిన్నరకు చేరాను. గోడకు గోడ ఆనించి కట్టిన ఆరు సున్నపురాతి ఇళ్లు. ఎత్తయిన కిటికీల నిండా చిన్న చిన్న అద్దాలు, తలుపు మీద అర్ధచంద్రాకారపు అద్దం. ఇంత ముచ్చటగా ఉందంటే లోపలేదో లొసుగుందనుకున్నాను. ఫోన్లో దిక్సూచి తీస్తే తలుపు దక్షిణానికుంది. వాస్తు పట్టింపున్న సరళ ఒప్పుకోదు.

“నాన్నా, ఇట్స్ ప్రొటెక్టెడ్. యూ కాంట్ మూవ్ ద డోర్” అంది లావణ్య.

లోపల పక్కింటికీ దీనికీ నడిమి గోడ గట్టిదో కాదో చూద్దామని రెండుసార్లు తట్టాను. అవతల నుంచి ఎవరో తిరిగి రెండుసార్లు తట్టారు. మా మాటలన్నీ వింటున్నారన్నమాట! నిలదీద్దామని పక్కింటికి వెళ్లాను.

మార్గరెట్ అనే ముసలావిడ తలుపు సగమే తీసి, నా చేతిలో కొలత టేపు చూసింది. “చిమ్నీ పీకేస్తారా? రెండిళ్లకూ అదొక్కటే” అంది.

“పీకం.”

“అందరూ అలాగే అంటారు.”

నన్ను మించిన అనుమానపు మనిషి. గోడెందుకు తట్టారని అడిగాను.

“మీరు తట్టారుగా. ఆ ఇంటావిడా నేనూ పొద్దునా సాయంత్రం తట్టుకునేవాళ్లం, ఇద్దరం ఒంటరివాళ్లం కదా. ఆవిడ పోయాక ఆ గోడ మోగడం ఇవాళే.”

సగం పులిహోర ఇస్తే, వాసన చూసి మరీ తీసుకుంది.

“సంతకం పెట్టు” అన్నాను తిరిగొచ్చి లావణ్యతో.

“మరి డోర్?”

“అమ్మకు నేను చెప్తాలే.”

సంతకమయ్యాక కొలతలకని లావణ్య ఆ ఇంట్లోనే ఆగింది. నేను ఐదింటి రైలెక్కాను. ఆ ఇళ్లు చూడదలచినవాళ్లు స్టేషన్ నుంచి నడిచే వెళ్లొచ్చు, ఎదుటి పేవ్‌మెంట్ మీద నిలబడితే వరసంతా కనబడుతుంది. పైకప్పు మీద నాకింకా నమ్మకం లేదు. దాని గురించే ఆలోచిస్తుంటే ఫోన్ మోగింది.

“నాన్నా, షీ నాక్డ్. వాట్ డూ ఐ డూ?”

“నువ్వూ తట్టమ్మా.”