డాక్టరమ్మ ఒప్పుకున్న తప్పు

డాక్టరమ్మ పోయారని ఎమ్మిగనూరు నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను మా అమ్మాయి నోట్లో ఇడ్లీ తుంచి పెడుతున్నాను. మా అమ్మాయికి పంతొమ్మిదేళ్లు.

ఆదోనిలో పిల్లల డాక్టరుగా ఆమెను ఎరగని ఇల్లు తక్కువ. నాకు మాత్రం ఆమె నా బిడ్డ బతుకు పాడుచేసిన మనిషి. నాకు పని ఇచ్చి అన్నం పెట్టిందీ ఆమే.

మా అమ్మాయి పసితనంలో ఏడ్చేదే కాదు. పాలకు కూడా లేపాల్సి వచ్చేది. "ఎంత బుద్ధిమంతురాలప్పా!" అని మా అత్త వీధంతా చెప్పుకుంది. నెల దాటినా కామెర్లు పోలేదని చూపిస్తే, "ఎండ తగలనీ, తగ్గిపోతాది" అన్నారు డాక్టరమ్మ.

ఎనిమిదో నెలకూ మెడ నిలవలేదు. అప్పుడు రక్తం పరీక్ష చేయించారు. పుట్టుకతోనే థైరాయిడ్ గ్రంథి పనిచేయడం లేదట. రోజుకో చిన్న మాత్ర నలిపి పాలలో ఇస్తే సరిపోయే జబ్బట.

"అయితే ఇప్పుడియ్యండమ్మా" అన్నాను.

"ఇస్తా. పెరుగుతాది, నడుస్తాది. బుద్ధి మాత్రం పూర్తిగా రాదు. పుట్టిన రెండు వారాల్లోపల మొదలుపెట్టాల్సింది."

"మరి అప్పుడెందుకు సెప్పలేదు?"

"పుట్టిన ప్రతి బిడ్డకూ మడమలో రక్తం తీసి చూడాలని పరిశోధనలు చెప్పి శానా ఏండ్లయింది. నేను చదివినాను. ఈడ ఎవరు చేయించుకుంటారులే అని ఊరుకున్నాను. తప్పు నాదేనమ్మా."

ఆమె బల్ల మీదున్నవన్నీ ఊడ్చి కింద పారేశాను. ఆమె వంగి ఏరుకున్నారు.

తర్వాత ఆమె ఊళ్లో కాన్పులయ్యే చోటల్లా తిరిగి పసిబిడ్డలకు ఆ పరీక్ష చేయించడం మొదలుపెట్టారు. ల్యాబు కమీషన్ కోసమని జనం అన్నారు. ఈలోపు మా ఆయన మమ్మల్ని వదిలేసి పోయాడు. పని కోసం నేను ఆమె దగ్గరికే పోయాను. మనసులో తిట్టుకుంటూనే రోగుల చీటీలు రాసేదాన్ని. ఆమె వైద్య పత్రికలు సర్దేది కూడా నేనే. చదివిన ప్రతి పేజీ అంచున పెన్సిలుతో 'చేశానా?' అని రాసుకునేవారు. "చదవని వాళ్లది తెలియనితనం. చదివి ఊరుకున్నోళ్లది పాపం" అనేవారు.

ఎనిమిదేళ్ల కిందట సి.బెళగల్ నుంచి ఒక అవ్వ మూడు రోజుల మనవరాలిని చూపించడానికి తెచ్చింది. మడమలో రక్తం తీయాలని డాక్టరమ్మ అనగానే, "పసిగుడ్డుకు సూది యాడన్నా పొడుస్తారా? సల్లగా నిద్రపోతాంది, ఏడుపే లేదు" అని లేచి నిలబడింది.

డాక్టరమ్మ నా వైపు తిరిగారు. "నీ కూతుర్ని తీసుకురా."

గోడవార కూర్చున్న మా అమ్మాయిని తెచ్చి నిలబెట్టాను. గడ్డం మీద చొంగ కారుతోంది.

"ఈ పిల్లా ఏడ్సలేదవ్వా. నేను పట్టించుకోలేదు" అన్నారామె.

అవ్వ మా అమ్మాయిని ఎగాదిగా చూసి, బిడ్డను డాక్టరమ్మ చేతుల్లో పెట్టేసింది. ఆ బిడ్డకూ అదే జబ్బు తేలింది. పదో రోజుకే మాత్ర మొదలైంది.

"నా కూతుర్ని సంతలో గొడ్డును చూపించినట్టు చూపిస్తారా?" అని ఆ సాయంత్రం నిలదీశాను.

"నువ్వు వద్దంటే మానేస్తా. కానీ నా మాట కంటే ఆ పిల్ల మొగమే తొందరగా నమ్ముతారు."

నేను వద్దనలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు తెచ్చి నిలబెట్టానో. క్షమించమని ఆమె ఎప్పుడూ అడగలేదు. నేనూ క్షమించలేదు. అయినా ఆమె పోయారంటే ఇడ్లీ చేతిలోనే ఉండిపోయింది.

మా అమ్మాయిని తీసుకుని పోతే, ఎమ్మిగనూరులో ఆమె పుట్టింటి ముందు ఆ సి.బెళగల్ పిల్ల కనిపించింది. మూడో తరగతి. డాక్టరమ్మ ఫొటో కింద రాసినదంతా తడుముకోకుండా చదివేసి నా దగ్గరికి వచ్చింది.

"ఆంటీ, అక్కకు చదవడం రాదా?"

"రాదమ్మా."

"అంత పెద్దగుంది కదా!"

వాళ్లమ్మ గబుక్కున దాని నోరు మూసింది. తిరిగి వచ్చేటప్పుడు మా అమ్మాయి చెప్పులు ఎడమది కుడికి, కుడిది ఎడమకు వేసుకుని నిలబడింది. ఆ పిల్ల కింద కూర్చుని, మా అమ్మాయి పాదం ఒళ్లో పెట్టుకుని, "ఇది కుడి, ఇది ఎడమ" అని టీచరులా చెబుతూ మార్చి తొడిగింది. మా అమ్మాయి వంగి, ఆ పిల్ల జడ పట్టుకుని నవ్వింది.