అన్ని ఇళ్లకూ ఒకే తాళం

ఊళ్లో వాళ్లు నా మీద చూపించిన జాలిని ఏళ్లుగా మోస్తున్నాను. అందులో సగమే నాకు చెందాలి. మిగతా సగం ఎలా బరువైందో మీకొక్కరికే చెబుతాను. ముందు నా తెలివితక్కువతనం చెప్పనివ్వండి, అది తేలిక.

చౌటుప్పల్‌లో నాది కెమెరాలు బిగించే చిన్న దుకాణం. మగ్గం వదిలి వైర్లు పట్టుకున్నాను. చిక్కులు తీసే పని మాత్రం మారలేదు. మా దగ్గర కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఇంటి ఇంటర్నెట్ చిరునామా మారిపోతుంది, కిరాయి ఇళ్లు మారే మనిషిలా. పనికి పోయినవాళ్లు ఫోన్‌లో ఇల్లు చూసుకోవాలంటే కొత్త చిరునామా ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి. అందుకే ఒక సర్వర్ పెట్టాను. ఇంటికొక పేరు. చిరునామా మారగానే ఇంట్లోని రౌటర్ ఒక రహస్యపు మాట చెబుతుంది. సర్వర్ నమ్మి, ఆ పేరును కొత్త చోటికి తిప్పుతుంది.

ఆ రహస్యపు మాటే తాళంచెవి. ఇంటికొకటి ఉండాలి. నేను అన్నిటికీ ఒకటే పెట్టాను. మా నేత వాడలో ఇంటికి తాళం వేసి, చెవి పక్కింటి గూట్లో పెట్టి పోతాం. అదే అలవాటుతో సర్వర్ కూడా కట్టాను.

అక్క మొగుడు శ్రీశైలం బావ అప్పుడు నా దుకాణంలోనే సాయంగా ఉండేవాడు. ఒకరోజు అడిగాడు.

"బామ్మర్దీ, నీకు జరమొచ్చి పంటే గివన్ని ఎవడు చూస్తడు? గా తాళపుచెవేదో నాకు గూడ జెప్పరాదు."

"గంతేనా బావా? గీ ఒక్కటే. అన్నిండ్లకు పనిజేస్తది."

"అన్నిండ్లకా! ఎవడన్న కొట్టేస్తే?"

"నీకు దప్ప ఎవనికి జెప్త?"

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. తాళంచెవి ఇచ్చి చెవిలో పువ్వు పెట్టించుకున్నానని అప్పుడు తెలియదు.

కొన్నాళ్లకు ఒక్కో ఇంటి కెమెరా కనబడడం మానేసింది. పేర్లు ఎటో తిరిగిపోతున్నాయి. తప్పు నాదేననుకుని ఇంటింటికీ పోయి మన్నించమన్నాను. సాయం చేయమని బావనే బతిమాలాను! నా కుర్చీ వెనక నిలబడి ఆయన "అయ్యో అయ్యో" అన్నాడు. చివరికి ఒక గిరాకీ నోటి నుంచి తెలిసింది: పేర్లు తిప్పేది బావే. నా సర్వర్ ఖరాబైందని చెప్పి, అందరినీ తను తెరవబోయే దుకాణానికి మళ్లించుకున్నాడు. దొంగ తాళం పగలగొడితే కోపం వస్తుంది. మనమిచ్చిన చెవితోనే తలుపు తీస్తే సిగ్గేస్తుంది. అక్క ముఖం చూసి నోరు మూసుకున్నాను.

బావ తన దుకాణం తెరిచి, తన సర్వర్ పెట్టుకున్నాక ఒక మధ్యాహ్నం, బావ గిరాకీలందరి ఫోన్లలో ఇళ్లకు బదులు మేకలు కనబడ్డాయి.

ఊరు నవ్వింది. అండాలమ్మ నవ్వలేదు. మందుల కంపెనీలో పనిచేస్తూ, ఇంట్లో మతి తప్పిన తల్లిని ఫోన్‌లో కనిపెట్టుకుని ఉండే మనిషి ఆమె. తల్లి మంచం ఉండాల్సిన చోట మేకలు. ముసలామె ఏమైందోనని, ఎవరికీ చెప్పకుండా పని మధ్యలో ఇంటికి ఉరికింది. తల్లి నిద్రపోతూనే ఉంది. అండాలమ్మ కొలువు పోయింది.

బావ దుకాణం ముందు ఆమె దుమ్మెత్తిపోస్తుంటే గుంపులో నేనూ ఉన్నాను. నా వైపు తిరిగి, "నీ తాన ఉన్నప్పుడే మంచిగుండె బిడ్డా" అంది. నేను తల ఊపాను. ఎందుకు ఊపాను? ఆమె ఏడుపులో నాకు న్యాయం దొరికిందనిపించిందా? ఆ తల ఊపడమే, మిగతా అంతటికన్నా, నన్ను నిద్రపోనివ్వదు.

బావ ఒక్క మాట అనలేదు. ఆయనకు తెలిసిపోయిందనే నా అనుమానం. తన సర్వర్ కోసం నా సర్వర్ ఫైళ్లు ఉన్నవి ఉన్నట్టు ఎత్తుకుపోయినప్పుడు, ఆ ఒకే ఒక్క తాళంచెవీ వాటితోపాటే పోయింది. మార్చాలని ఆయనకూ తోచలేదు. నా తెలివితక్కువతనం కూడా కాపీ కొట్టాడు. ఆ సంగతి బయటపెడితే చెవి ఎక్కడిదో కూడా చెప్పాలి. అందుకే ఆయన తిట్లు తిన్నాడు, నేను జాలి తిన్నాను.

అండాలమ్మకు చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు. మీకు చెబుతున్నాను. ఆ మధ్యాహ్నం బావ సర్వర్‌లోని పేర్లన్నీ ఒక్కొక్కటిగా మా దొడ్డి కెమెరా మీదికి తిప్పింది నేనే. ఆ మేకలు మా అమ్మవి.