ఏడవని బిడ్డకు మైల

గుంటూరులో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. నోరు పెద్దదని పేరు. ఆ ఏడాది జీవం పుట్టుక పాఠానికి వచ్చేసరికి నాకు ఏడో నెల. ఒక చేత్తో నడుం పట్టుకుని, రెండో చేత్తో బోర్డు మీద బొమ్మలు వేశాను. తొలినాటి సముద్రంలో అణువులు మెరుపుల వల్ల కలిశాయని కొందరు, సముద్రం అడుగున వేడినీటి బుగ్గల దగ్గర కలిశాయని కొందరు ఎందుకంటారో చెప్పాను. తనలాంటి దాన్ని తానే తయారుచేసుకోగల ఆర్ఎన్ఏ ముందు పుట్టిందన్న వాదన కూడా చెప్పాను. వెనక బెంచీ అమ్మాయి లేచి, "ఇంతకీ ప్రాణం ఏ క్షణాన వచ్చినట్టు మేడమ్?" అంది.

"ఆ క్షణమంటూ లేదమ్మా. ఇటు రసాయనం, అటు ప్రాణం అని మధ్యలో గీత గీయలేం. పరీక్షలో అడగరులే, కూర్చో," అన్నాను. క్లాసంతా నవ్వింది. కడుపులో బిడ్డ తన్నింది.

ఎనిమిదో నెలలో ఆ తన్నడం ఆగిపోయింది. ఆస్పత్రిలో కాన్పు చేసి తీశారు. ఆడపిల్ల. ఒత్తుగా జుట్టు, చిన్న చిన్న గోళ్లు. మా అత్తయ్య నర్సును ఒక్కటే అడిగింది.

"ఏడిచిందా అమ్మా?"

నర్సు తల అడ్డంగా ఊపింది.

"అయితే మైల లేదు. శుక్రవారం చిన్నోడి తాంబూలాలు ఆపక్కర్లేదు," అంది అత్తయ్య. చిన్నోడంటే మా మరిది.

మా ఇంట్లో లెక్క అది. పుట్టి ఒక్కసారి ఏడిచి పోతే అది చావు, ఇంటిల్లిపాదికీ మైల, శుభకార్యాలన్నీ ఆగిపోతాయి. ఏడవకపోతే అసలు ఎవరూ పుట్టనట్టే. మా ఆయన బిడ్డను తువ్వాల్లో చుట్టుకెళ్లి, ప్రత్తిపాడు దగ్గర మా పత్తిచేను గట్టున పూడ్చి, అటునుంచి అటే మిరపకాయలు ఎండబోసిన కల్లానికి వెళ్లిపోయారు. నేను ఏడిస్తే, "ఊరుకోవే, పచ్చి ఒళ్లు," అన్నారు అందరూ. నాకు ఒళ్లు మండిపోయింది. అంతంత సైంటిస్టులు తలలు బద్దలుకొట్టుకున్నా దొరకని గీత వీళ్లకంత తేలిగ్గా దొరికిందా!

గురువారం నాకు పాలు పడ్డాయి. జాకెట్టు తడిసి ముద్దయింది. పాలు ఇంకిపోవాలని అత్తయ్య మల్లెపూలు తెచ్చి, రొమ్ముల మీద పరిచి, పాత చీర చింపి బిగించి కట్టసాగింది. ఎదురుగా మంచం మీద తాంబూలాలకు కొన్న పట్టుచీర, పసుపు కుంకుమలు సర్ది ఉన్నాయి.

"బిడ్డే లేదన్నారుగా," అన్నాను. "మరి ఈ పాలు ఎవరికొచ్చాయి అత్తయ్యా?"

ఆవిడ చేతులు ఆగిపోయాయి. ముడి వేయకుండానే వదిలేసింది. అరుస్తుందనుకున్నాను, ఆవిడకీ నోరు తక్కువేం కాదు. లేచి పెరట్లోకి వెళ్లింది. చావు కబురు విన్నవాళ్లు పోసుకున్నట్టు, కట్టుకున్న చీరతోనే తొట్టి దగ్గర నిలబడి తల మీద నీళ్లు గుమ్మరించుకుంది. ఆ చప్పుడు నాకు లోపలికి వినిపిస్తూనే ఉంది.

తడిబట్టలతోనే వాకిట్లోకొచ్చి మా ఆయన్ని కేకేసింది.

"ఒరేయ్, పెళ్లివారికి ఫోన్ చెయ్యి. మనవరాలు పోయింది, మైలలో ఉన్నామని చెప్పు."