దుమ్ములో మోగిన బిల్లీ

థెల్మా గోరింజ్ టీ కాస్తుంటే ఎవరూ పక్కన నిలబడి సలహాలు చెప్పకూడదు. తీగ పిడి వేసిన రేకు డబ్బాలో, అదే బిల్లీలో, నీళ్ళు తెర్లగానే గుప్పెడు ఆకు వేసేది. నిప్పుల మీంచి దించి, చెయ్యి బారుగా చాచి, డబ్బాను తల మీదుగా గిర్రున తిప్పేది. చుక్క ఒలికేది కాదు. ఆకంతా అడుక్కి దిగిపోయేది.

మొగుడు గుర్రం మీంచి పడి చనిపోయాక ఆమె కొన్నాళ్ళు ఊళ్ళో హోటల్లో దుప్పట్లు ఉతికింది. ఆమె తమ్ముడు ఆల్ఫ్ క్వీన్స్‌లాండ్ పడమటి మైదానాల్లో పశువుల మందలు తోలేవాడు. ఒక ఏడాది అతని వంటవాడు సగం దారిలో మానేశాడు. థెల్మా మూట సర్దుకుని వచ్చేసింది.

"ఇంతమంది మగాళ్ళ మధ్య ఎక్కడ పడుకుంటావక్కా?" అన్నాడు ఆల్ఫ్.

"బండి కింద. నీకు దూరంగా. చిన్నప్పట్నుంచీ నీ గురకతో చస్తున్నాను."

మంద తోలేవాళ్ళందరిలో పెద్దవాడైన పెర్సీకి ఈ ఏర్పాటు నచ్చలేదు. మొదటి రోజే కప్పులోకి తొంగి చూసి, "పల్చగా ఉందమ్మా" అన్నాడు.

"నీ జీను నానబెట్టుకుని తాగు, చిక్కగా ఉంటుంది" అంది థెల్మా. మిగతావాళ్ళు నవ్వారు. పెర్సీ నవ్వలేదు గానీ, కప్పు ఖాళీ చేశాడు.

అది వానల్లేని ఏడు. ఒక మధ్యాహ్నం మగవాళ్ళంతా మంద వెంట ఉండగా పడమట ఎర్రటి గోడ లేచింది. థెల్మా గుర్రాలను బండికి కట్టింది. పొయ్యి గుంటను టార్పాలిన్‌తో మూసింది. అంతలో దుమ్ము వచ్చి మీద పడింది. చాచిన చెయ్యి కనిపించలేదు.

అలాంటి గాలిలో మనిషి తన మకాం పక్క నుంచే దాటిపోయి, నీళ్ళు లేని నేలలోకి నడుస్తాడు. కేకలు పనికిరావు. థెల్మా పెద్ద బిల్లీ ఖాళీ చేసి, ఇనుప గరిటెతో దాన్ని బాదడం మొదలుపెట్టింది. ఒక చెయ్యి నొప్పెడితే రెండో చేత్తో. వాళ్ళకి చెవులున్నాయి, నాకు చేతులున్నాయి, వస్తారు అనుకుంది. ఆ మాటలో ఆమెకు అనుమానం లేదు.

ఒక్కొక్కరే వచ్చారు. ఆల్ఫ్ గుర్రాన్ని నడిపించుకుంటూ వచ్చి చుట్టూ తడిమి చూశాడు.

"పెర్సీ ఏడీ? నేను వెళ్తానక్కా."

"కూర్చో. నువ్వూ తప్పిపోతే ఇద్దర్ని వెతకాలి. ఇదిగో గరిటె, కొడుతూ ఉండు. నేను నీళ్ళు పెడతాను."

టార్పాలిన్ కింద దూరి, చిన్న బిల్లీలో టీ కాచింది. అది మరిగేసరికి పెర్సీ వచ్చాడు. గుర్రం లేదు. కళ్ళు మట్టితో మూసుకుపోయాయి. పొద్దుటి చల్లారిన టీలో గుడ్డ తడిపి ఆమె వాటిని మెల్లగా తుడిచింది.

"చర్చి గంటనుకున్నాను" అన్నాడతను. "పోయాననే అనుకున్నా."

"పోయినవాళ్ళకి టీ పొయ్యను. తాగు."

తాగాడు. పళ్ళ కింద మట్టి కరకరలాడింది. ఇంకో కప్పు అడిగాడు.

తెల్లారాక చూస్తే మంద దూరంగా ఒక కంచె వెంబడి గుంపుగా నిలబడి ఉంది. పెర్సీ గుర్రమూ వాటిలోనే ఉంది. కొన్ని పశువులు దొరకలేదు. మిగతావాటిని రైలుకు చేర్చారు.

మరుసటి ఏడు వానలు కురిశాయి. ఆల్ఫ్‌కి ఒకేసారి రెండు మందలు వచ్చాయి. రెండోదానికి ఎవర్ని పెట్టాలా అని అతను ఆలోచిస్తుంటే, "నన్ను" అంది థెల్మా. అతను వాదించలేదు. పెర్సీ తన గుర్రాన్ని తీసుకొచ్చి ఆమె వైపు నిలబెట్టాడు.

లారీలు వచ్చి మందలు నడవడం మానేసేదాకా, ఆమె ఆ దారుల్లో పశువుల్ని తోలింది. తన మందతో బయల్దేరిన ఆ మొదటి ఉదయం మాత్రం మైదానమంతా పచ్చగా ఉంది. మంద ముందు గుర్రం మీద కూర్చుని, వెనక్కి తిరగకుండానే, "నడవండి" అంది.