మా వాకిట్లో పెట్టిన అంగడి

ఇంట్లో పాత సామాన్లు వాకిట్లో పరిచి అమ్ముకుందామని మీకెవరికైనా బుద్ధి పుడితే, ముందు నా దగ్గరికి రాండి. ఫీజు తీసుకోను. మదనపల్లెలో ఆ పని చేసి, వీధి వీధంతా వచ్చి వినోదం చూసిపోయిన ఇల్లు మాది. పుస్తకంలో చదివి చెప్పేవాళ్లు చాలామంది ఉండారు, పడి చెప్పేవాళ్లు తక్కువ.

తొంభైల ఆఖర్లో మాట. మా ఇంటాయనకు ప్రమోషనొచ్చి కుప్పానికి మార్చినారు. అంతవరకు పుంగనూరులో కొన్నేండ్లు, మదనపల్లెలో కొన్నేండ్లు గుమాస్తాగా ఫైళ్లు మోసిన మనిషి, కుప్పంలో ఒక ఆఫీసుకంతా పెద్ద. ఆ ఆర్డరు చేతికొచ్చిన రోజు నుంచి నడకే మారిపోయింది. అంతకుముందు చెప్పులు ఈడ్చుకుంటా వచ్చేవాడు, ఇప్పుడు గేటు దగ్గరే గొంతు సవరించుకోని వస్తాండాడు. ఆఫీసు పెద్దదే గానీ, ఆడ మాకు దొరికిన ఇల్లు రెండు రూములు. మా సామాన్లో సగం ఈడనే వదిలించుకోవాల.

వదిలించుకునేదానికి మాకు తెలిసిన దారి ఒకటుండాది. వారానికొకసారి తోపుడుబండి తోసుకుంటా పాత ఇనప సామాన్ల భాయ్ వస్తాడు. పిలిస్తే అన్నీ తూకమేసి ఎత్తుకోని పోతాడు. అట్ల సులభంగా అయిపోతే ఆఫీసరు గారి గొప్పేముంది? ఎవరో పారేసిన ఇంగ్లీషు మ్యాగజైన్లో ఒక వ్యాసం చదివినాడంట. ఫారిన్లో ఇంటోళ్లే వాకిట్లో బల్లలేసి, ప్రతి వస్తువుకూ ధర చీటీ అంటించి అమ్ముకుంటారంట. దాన్ని యార్డ్ సేల్ అంటారంట. "మదనపల్లెలో యార్డంటే టమోటా యార్డే గదయ్యా, జనం గంపలెత్తుకోని వస్తారేమో" అన్నాను. "నీకేం తెలుసు, ఊరుకో" అన్నాడు. నాకు తెలియనివి ఆయప్పకు చాలా తెలుసు, తెలిసినవి మాత్రం ఒకటీ తెలియవు.

ఆ వ్యాసంలో మొదటి సలహా, శనివారం పెట్టుకోండి, జనం బాగా వస్తారు అని. రాసినోడు మా పక్క ఎప్పుడూ వచ్చినట్టు లేదు. శనివారం పూట ఇనుము కొని ఇంటికి తెచ్చుకునేవాళ్లు మా ఊర్లో ఎవరుండారు? మంగళవారం, శుక్రవారం ఇంట్లో వస్తువు బయటికి పంపేదానికి నేను ఒప్పుకోను. మిగతా రోజులు ఆయనకు ఆఫీసు. చివరికి మిగిలింది ఆదివారం, అది కూడా సాయంత్రం రాహుకాలం రాకముందే. ఆదివారం పొద్దున్నే అని నిర్ణయమయింది. మీరూ అట్లనే చేయండి, వేరే దారి లేదు.

ఈడ మా గ్రైండరు సంగతి చెప్పాల. పుంగనూరులో ఉన్నప్పుడు ఒక టిఫిను హోటలాయన అంగడి మూసేస్తా అమ్మకానికి పెడితే, మా అమ్మ చీర కొనుక్కోమని ఇచ్చిన డబ్బుకు ఇంకొంచెం చేర్చి నేను కొన్నది. పెద్ద రాయి గ్రైండరు. ఇద్దరు మొగోళ్లు పడితే గాని కదలదు. ఒకసారి పక్కింటామె చెయ్యి నొప్పని చెంబు పిండి అడిగింది, ఇచ్చినాను. రెండోసారి డబ్బు తెచ్చిచ్చింది, వద్దనలేదు. మదనపల్లెకొచ్చినాక వీధిలో సగం ఇండ్లకు దోసె పిండి మా ఇంట్లోదే. చెంబు ఐదు రూపాయలు. ఆయన జీతంలోంచి నేను పది రూపాయలడిగితే దేనికని అడుగుతాడు, ఖర్చయినాక ఏం కొన్నావని అడుగుతాడు, ఆ మిగిలిన చిల్లర ఏమైందని కూడా అడుగుతాడు. పిండి డబ్బుకు నేను ఎవరికీ జవాబు చెప్పే పన్లేదు. నా తలనొప్పి మాత్ర, నా గాజులు, రామసముద్రంలో మా అమ్మను చూసి వచ్చేదానికి బస్సు చార్జీ, అన్నీ అందులోంచే. ఆ రాయి తిరిగినన్నాళ్లు నేను ఎవరి ముందరా చెయ్యి చాపలేదు.

గుమాస్తాగా ఉన్నన్నాళ్లు ఆయనకూ దాంతో ఏ బాధా లేదు. దోసెలు తింటా "పిండి బాగా పొంగిందే" అనేవాడు. ఆఫీసరయినాక ఉన్నట్టుండి పరువొకటి పుట్టుకొచ్చింది.

"ఆఫీసరు పెండ్లాం పిండి అమ్ముతాదా? పొద్దున నాకు దండం పెట్టినోడు సాయంత్రం చెంబెత్తుకోని మన గడప దగ్గర నిలబడితే ఏం బాగుంటాది?"

"దండం పెట్టినోడు దోసె తినకూడదా?"

"కుప్పం ఇంట్లో దాన్ని పెట్టేదానికి తావు లేదు" అని చెప్పి, పరువు మాటను తావు మీదికి తోసేసినాడు. "బీరువా అమ్ము, మంచం అమ్ము, నేను కింద పండుకుంటా. గ్రైండరు మాత్రం ముట్టుకోవద్దయ్యా" అని పొద్దున చెప్పినాను, రాత్రి చెప్పినాను. తలకాయ ఊపినాడు. మొగుడు తలకాయ ఊపితే ఒప్పుకున్నట్టని నేననుకుంటి. అన్నేండ్లు కాపురం చేసి కూడా నాకు బుద్ధి రాలేదు.

ఆదివారం పొద్దున నేను వీధి కొళాయికి నీళ్లకు పోయినాను. బిందె చంకనేసుకోని తిరిగొచ్చేసరికి, గేటుకు ఎదురుగా గోనెసంచి మీద నా గ్రైండరు కూర్చోనుంది. నేనట్ల పోంగానే దారిలో పోయేవాళ్లిద్దర్ని పిలిచి మోయించి, నున్నగా తుడిచి, నుదుటి మీద బొట్టు పెట్టినట్టు పన్నెండు నూర్లని చీటీ అంటించినాడు. రెండో సలహా అంట అది, అన్నిటికంటే మంచి వస్తువును ముందర పెడితే జనం లోపలికొస్తారని. బిందె ఆడనే వేసి అరుద్దామనుకుంటి. అప్పటికే గేటు దగ్గర మనుషులు నిలబడిపోయినారు, నోరు మూసుకోని లోపలికి పోతి.

మొదట వచ్చినోళ్లు కొనేదానికి రాలేదు, పరామర్శకొచ్చినారు. మా ఊర్లో బీరువా, మంచం, వంటింటి బోకులు అన్నీ వాకిట్లోకి వచ్చినాయంటే దానికి అర్థం ఒకటే. సైకిలు మీద పోతాండే పెద్దాయన ఒకాయన దిగి, గొంతు తగ్గించి, "జప్తా అప్పా? ఏ బ్యాంకోళ్లు?" అని అడిగినాడు. మా ఆయన నవ్వి, "జప్తు కాదు పెద్దాయనా, యార్డ్ సేలు. ఫారిన్లో..." అని మొదలుపెట్టినాడు. ఆయన చెప్పేకొద్దీ వాళ్ల మొగాల్లో జాలి ఎక్కువయింది. "అందరికీ వచ్చేదే అప్పా, అధైర్యపడొద్దు" అని పెద్దాయన భుజం తట్టి సైకిలెక్కిపోయినాడు. ఆఫీసరు భుజం తట్టించుకుంటా నిలబడినాడు. ఆ ఒక్క నిమిషం నాకు బాగుణ్ణింది, అబద్ధమెందుకు చెప్పాల.

తర్వాత వీధిలోవాళ్లు వచ్చినారు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఏండ్ల తరబడి కూరాకు గిన్నెలు ఇచ్చిపుచ్చుకున్న ఆడోళ్లకు మీరు స్టూలు అమ్మలేరు. పక్కింటామె స్టూలెత్తి, చీటీ పీకి పారేసి, "మల్ల ఎప్పుడు చూస్తామో ఏమో, నీ గుర్తుగా ఇది పెట్టుకుంటా మ్మా" అని కండ్లు తుడుచుకుంది. కండ్లు తుడుచుకునే మనిషిని ముప్పై రూపాయలు ఎట్లడిగేది? ఆమెను చూసి వెనకింటామె గుర్తుగా బట్టలారేసే స్టాండు తీసుకుంది. ఎదురింటోళ్లు గుర్తుగా గోడ గడియారం తీసుకున్నారు. మా గుర్తు లేనిదే ఆ వీధిలో ఎవరికీ పొద్దు గడవదని నాకు ఆ రోజే తెలిసింది. మా ఆయన చిల్లర కోసం బ్యాంకులో మార్పించి పెట్టుకున్న కొత్త నోట్ల కట్ట విప్పే పనే పడలేదు.

ఇంక స్టీలు బోకులు. అసలు దెబ్బ ఆడ తగిలింది. మా పక్క పెండ్లికో గృహప్రవేశానికో బోకు పెట్టాలంటే, అంగట్లోనే మిషను పెట్టి దాని మీద పేరు కొట్టిస్తారు. తీసుకునేవాళ్ల పేరు కాదు, ఇచ్చేవాళ్ల పేరు. ఎప్పుడు తోమినా మనం వాళ్లను తలుచుకోవాల. మా ఆయన, వస్తువు బాగా కనపడాలని వ్యాసంలో రాసినట్టు, అన్నీ తళతళమని తోమించి పేర్లు పైకుండేట్టు బల్ల మీద వరసగా పేర్చినాడు. ఆడోళ్లు వంగి ఒక్కొక్క పేరు చదవతా వచ్చినారు. తమ పేరు దొరికినామె మొగం మాడ్చుకుంది. దొరకనామె "మేం పెట్టిన క్యారియరు యాడమ్మా? దాన్ని ముందే అమ్మేసినారా?" అని నిలదీసింది. అది లోపల పప్పు పోసుకోని వాడుకుంటాండామని చెప్పినా నమ్మలేదు, లోపలికొచ్చి చూసిపోయింది.

అంతలో మా ఆయన అక్క, మా వదిన, మమ్మల్ని సాగనంపేదానికి పుంగనూరు నుంచి బస్సు దిగి వచ్చింది. గేట్లోకి రాంగానే బల్ల మీద తన పేరూ, తన మొగుడి పేరూ కొట్టించిన పెద్ద తపేలా కనిపించింది. మా పెండ్లికి పెట్టినది. దాని కడుపు మీద నలభై రూపాయలని చీటీ. వదిన ఆ చీటీని చదివింది, తమ్ముణ్ణి చూసింది.

"నేనూ మీ బావా కలిపి నలభై రూపాయలేనా రా?"

"అక్కా, అది బోకు ధర."

"బేరమాడితే ముప్పైకి కూడా ఇస్తావా?"

తపేలా ఒళ్లో పెట్టుకోని అరుగు మీద కూర్చుంది. కాఫీ ఇస్తే తాగలేదు. నన్ను కూడా కోపంగానే చూసింది. నేనెట్ల చెప్పేది, వదినా, నీ తపేలా లాగే నా బతుకూ గోనెసంచి మీద ఉండాదని.

ఎండెక్కినాక నిజంగా కొనే మనిషి ఒకాయన వచ్చినాడు. సదుంలో బస్టాండు దగ్గర టిఫినంగడి పెడతాండాడంట. నేరుగా గ్రైండరు దగ్గరికి పోయి, రాయి మీద అరచెయ్యేసి నిమిరి, తిప్పి చూపించమన్నాడు. "ఏమే, వైరు తీసకరా" అని మా ఆయన లోపలికి కేకేసినాడు. నా గ్రైండరును ఇంకొకరికి తిప్పి చూపించేదానికి వైరు నేనే తెచ్చియ్యాల. తెచ్చిచ్చినాను. అది ఎప్పటిలాగే తిరిగింది. దాని చప్పుడు వింటాంటే నాకు ఏడుపొచ్చింది.

"రాయి బాగుండాదా మ్మా? ఇసుక రాల్తాదా?" అని ఆ సదుమాయన నన్నడిగినాడు. రాల్తాదని ఒక్క మాటంటే పోతాడు. నోటి చివర దాకా వచ్చింది. అన్నేండ్లు నాకు కూడు పెట్టిన రాయి మీద అబద్ధం చెప్పేదానికి నోరు రాలేదు. "రాలదప్పా, మంచి రాయి" అన్నాను. ఆయన తొమ్మిది నూర్ల దగ్గర మొదలుపెట్టినాడు. మా ఆయన పదకొండన్నాడు. వెయ్యి దగ్గర ఇద్దరూ నిలబడినారు. పొద్దుట్నుంచి ఒక్క వస్తువూ సరిగ్గా అమ్ముడుపోని మనిషి, మొగం వెలిగిపోతా చెయ్యి చాపినాడు.

నేను లోపలికి పోయి కందిపప్పు డబ్బాలో దాచిన గుడ్డ మూట తెచ్చినాను. అందరి మధ్యలో, గ్రైండరు పక్కన నిలబడి, "చీటీ మీద పన్నెండు నూర్లు రాసుండాది గదా. ఆ ధరకు నేను తీసుకుంటా" అన్నాను. సదుమాయన రాయి మీది చెయ్యి తీసేసి, "అమ్మది అని చెప్పలేదే మీరు" అని వెనక్కి జరిగినాడు. మా ఆయన నవ్వబోయినాడు, ఎవరూ నవ్వలేదని చూసి ఆపేసినాడు. "తమాషాలొద్దు, లోపలికి పో" అని గొణిగినాడు. నేను మూట విప్పి నోట్లు రాయి మీద పెట్టినాను. అన్నీ ఐదులు, పదులు. నూనె మరకలవి, చెంగున ముడేసి తెచ్చి మడతలు పడినవి. ఆ వీధి ఆడోళ్లందరూ వాటిని గుర్తుపట్టినారు, వాళ్లిచ్చినవే గదా.

అరుగు మీద నుంచి వదిన అనింది, "ఆ పిల్ల డబ్బు ఆ పిల్లకిచ్చేయ్ రా."

ఇచ్చేస్తాడనే నేననుకుంటి. దేవుడి సాక్షిగా అనుకుంటి. సిగ్గుపడి, ఆ నోట్లు నా చేతిలో పెట్టి, ఎత్తండప్పా దీన్ని లోపలికి అంటాడని. ఆయప్ప ఆ పక్కా ఈ పక్కా చూసినాడు. సదుమాయన ముందర మాట పోకూడదు, పెండ్లాం ముందర దిగకూడదు. నోట్లు చేతిలోకి తీసుకోని, బొటనవేలు తడుపుకోని, ఒక్కొక్కటే ఎంచినాడు. ఎంచి, "యాభై తక్కువుండాది" అన్నాడు.

నిజమే, తక్కువే. లోపలికి పోయి, దేవుడి పటం వెనకాల ఉన్న చిల్లరంతా తెచ్చి పోసినాను. అది కూడా ఎంచుకున్నాడు.

కుప్పానికి గ్రైండరు లారీలో ముందెక్కింది. వంటింట్లో దానికి తావు కూడా దొరికింది. వారం తిరక్కముందే కొత్త వీధి ఆడోళ్లు చెంబులు తెచ్చినారు. మొదటి ఆదివారం పొద్దున ఆయన పేపరు చదవతా, "ఈ పొద్దు దోసెలు పొయ్యవే, నీ చేత్తో పోసినవి తిని చాన్నాళ్లయినట్టుండాది" అన్నాడు. పొయ్యి మీద పెనం పెట్టి, ఆయన ముందరికొచ్చి నిలబడి, "పిండి చెంబు ఐదు రూపాయలు. మనకు రెండు చెంబులు కావాల" అన్నాను.

తమాషా అనుకోని తలెత్తినాడు. నేను నవ్వలేదు. కొంచేపు నా మొగం చూసి, చొక్కా జేబులో చెయ్యి పెట్టి పది రూపాయలు తీసిచ్చినాడు. తీసుకోని, దోసెలు పోసినాను.