నాలుగు జతలో, ఐదు జతలో

మొన్న పొద్దున మా మనవరాలు పుస్తకం తెచ్చి నా ఒళ్లో పడేసి, ఇందులో లెక్క తప్పు అచ్చయింది చూడమంది. ఉద్యోగ పరీక్షల్లో ఇప్పుడు ఒక రకం ప్రశ్నలు వస్తున్నాయట. జవాబు కట్టనక్కరలేదు, ఇచ్చిన సమాచారం జవాబుకు సరిపోతుందో లేదో చెబితే చాలు. ఒక పూర్ణాంకం వేరొక పూర్ణాంకానికి రెట్టింపు కంటే ఒకటి ఎక్కువ; అయితే అది బేసిసంఖ్య అవునో కాదో చెప్పగలమా అని ప్రశ్న. ఆ రెండో సంఖ్య ఎంతో ఇవ్వలేదు కాబట్టి చెప్పలేమని పిల్ల వాదన. దేన్ని రెట్టింపు చేసినా సరిసంఖ్యే, దానికి ఒకటి కలిస్తే బేసే, దాని విలువతో నీకేం పని అన్నాను. నారాయణఖేడ్‌లో ఇంతకాలం లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని కదా, కొంచెం గొప్పగానే అన్నాను. పిల్ల నమ్మీ నమ్మనట్టు చూసి కోచింగుకు వెళ్లిపోయింది. నాకీ లెక్క మాత్రం బడిలో రాలేదు. పదేళ్ల వయసులో, నాగల్‌గిద్ద దిక్కున మా చేనులో వచ్చింది.

నా ఈడువాళ్లకు గొర్రు సంగతి చెప్పనక్కరలేదు. మిరుగం వాన, అంటే మృగశిర కార్తె వాన, పడగానే నాయన ఎడ్లు కట్టి విత్తే గొర్రు తోలేవాడు, మా మేనత్త వెంట నడుస్తూ గొర్రు మీది జడ్డిగం గిన్నెలో జొన్నలు వదిలేది, ఆ వెనక తాడుతో కట్టిన వెదురుగొట్టంలో ఇంకొకరు కందులు వేసేవారు. ఊరివైపు గట్టు నుంచి ఆవలి గట్టుకు పోయే సాలులో జొన్న ఒక్కటే, తిరిగివచ్చే సాలులో జొన్నతోపాటు కంది, ఇదీ మా ఇంటి పద్ధతి. పోయిందీ వచ్చిందీ కలిపి ఒక జత అనేవాళ్లం, విడి సాళ్లను ఎవరూ లెక్కపెట్టేవారు కాదు. ఆ ఏడు మొదటిసారి కందుల సంచి నా నడుముకు కట్టారు. పదేళ్లదాని చేతికి నిలకడ ఉండదని అత్త గొణిగింది, ఒక్క సాలు తప్పినా సంచి తీసుకుంటానని ముందే చెప్పింది కూడా. నేనైతే ఆ సంచి కట్టుకుని పెద్దదాన్నైపోయాననే అనుకున్నాను.

మొదటిరోజే మధ్యాహ్నం దాటాక వాన ముంచుకొచ్చింది. పట్టిన సాలు ముగించి, ఎడ్లను విప్పి, గొర్రు ఎత్తుకుని, ఏ గట్టున ఆగామో కూడా చూసుకోకుండా ఎవరి దిక్కున వాళ్లం పరుగెత్తాం. తడిసిన నాయనకు జ్వరం తగిలింది. రెండు రోజుల తర్వాత నేల ఆరి, మా చిన్నాయన గొర్రు తోలడానికి వచ్చేసరికి చేనంతా చదునై ఉంది. గుల్లబారిన నేలను బట్టి ఎక్కడిదాకా విత్తామో తెలుస్తూనే ఉంది గానీ, సాళ్లు విడిగా కనబడవు, ఆ చివరి సాలులో కంది పడిందా లేదా అన్నది తెలియదు. తవ్వి చూద్దామంటే, నేలలో పడ్డ గింజను మళ్లీ వెలుతురుకు తేవడం అత్త దృష్టిలో మహాపాపం. నాయనను అడిగి వద్దామంటే ఊరు దూరం, పైన మళ్లీ మబ్బు పట్టింది. తప్పు విత్తితే ఊరికే పోదు. జొన్న కోసుకున్నాక కూడా కంది నెలల తరబడి నిలబడుతుంది, దారిన పోయేవాళ్లందరూ ఆ తేడా చూసి నవ్వుతారు.

జతలు ముగిసి వచ్చేశాం, కంది పడింది, ఇప్పుడు జొన్న ఒక్కటే పట్టాలని అత్త అంది. ఒక సాలు విడిగా మిగిలింది, కంది పడలేదని నేనన్నాను. ఎన్ని జతలని అడిగితే మాత్రం నాకు గుర్తు రాలేదు, నాలుగు కావచ్చు, ఐదు కావచ్చు.

“తొమ్మిదో పదకొండో తెల్వనిదానికి కంది సంచెందుకు, ఇటియ్యి,” అంది అత్త.

నిజంగానే ముడి విప్పబోయాను. నాకు ఏడుపొచ్చింది, అది దాచుకోను. అప్పుడు చిన్నాయన ఎడ్లను ఆవలి గట్టు వైపు మళ్లించాడు.

“తొమ్మిదైతేంది, పదకొండైతేంది అక్కా. ఏదైనా ఆవలి గట్టుకాడనే ఆగినట్టు. పోరి చెప్పింది చాలు, పట్టు.”

ఆయన బడి మొహం చూడని మనిషి. ఆ రోజు ఆవలి గట్టు నుంచి కంది వేసుకుంటూ వచ్చాం. ఇంటికొచ్చాక నాయనను అడగవచ్చు, అడగలేదు. అత్తదే ఒప్పని చెబితే సంచి పోతుందన్న భయం. అత్త కూడా అడగలేదు. ఆమెకూ తనది తప్పని తేలుతుందన్న భయమేమో అని ఇప్పుడనిపిస్తుంది. జొన్న ముందు మొలిచింది. కంది కోసం ఇంకా ఆగాల్సి వచ్చింది. రోజూ పొద్దున్నే చేనుకు పోయి, గట్టున కూర్చుని, చివరికి ఒకనాడు జొన్నల మధ్య కంది మొలకలు చూశాను. మేము వదిలేసిన చోట ఒక సాలులో జొన్న ఒక్కటే ఉంది, దాని పక్క సాలులో కంది ఉంది. అత్తా వచ్చి చూసి, రేపు కింది చేనుకు సంచి నువ్వే తెచ్చుకొమ్మంది.

ఇప్పుడక్కడ ట్రాక్టరు విత్తుతోంది, జొన్న పోయి పత్తి వచ్చింది. మంచిదే, ఆడవాళ్ల నడుములు నిలిచాయి. పిల్లలు ఫోనులో జవాబు నొక్కగానే తప్పో ఒప్పో మరుక్షణం తెలిసిపోతుంది, అదీ మంచిదే కావచ్చు. నా మాట తప్పైపోతుందేమోనని వణుకుతూ కూడా, నేల చెప్పేదాకా ఆ మాట మీదే ఉన్న రోజులు నాకు దొరికాయి. వీళ్లకు అవి ఎక్కడ దొరుకుతాయో నాకు తెలియదు.