పరుగెత్తిన పాట

కర్టెన్లు కుట్టే ఆవిడని వీధి వీధంతా కర్టెన్లమ్మ అనే పిలుస్తుంది. ఆవిడ ఒకప్పుడు పాడిందంటే కొత్తవాళ్ళు నమ్మరు. పాడింది ఒక్కటే పాట, అదీ పడుచుతనంలో. ఆ రికార్డు మాత్రం ఊరూరా మోగింది.

వరస కట్టింది వాళ్ళక్క. నింపాదిగా, ఊయల ఊపినట్టు సాగే వరస. తీరా రికార్డింగు నాటికి అక్క జ్వరంతో మంచం పట్టింది. రికార్డు మీద మూడు నిమిషాలకే చోటుందని, నాలుగు చరణాలూ పట్టాలంటే వేగం పెంచమని కంపెనీ ఆయన గదమాయించాడు. ఈవిడ రైలు తప్పిపోతుందన్నట్టు పాడేసి వచ్చింది. లోకానికి ఆ పరుగే తెగ నచ్చింది. లోకం సంగతి తెలిసిందే కదా. అక్క "బాగుంది" అని ఊరుకుంది గానీ, మళ్ళీ వరస కట్టిన పాపాన పోలేదు.

ఇన్నేళ్ళకి పాతపాటల ప్రపంచ పోటీ అని ఒకటి వచ్చింది. దేశానికో పాత పాట, తలా మూడు నిమిషాలు. మన తరఫున ఈ పాటనే ఎంచారు. పాడేది కర్టెన్లమ్మ కూతురు. అమ్మాయి రికార్డు పెట్టుకుని అదే పరుగు సాధన చేస్తుంటే, కర్టెన్లమ్మకి సూదిలో దారం ఎక్కడం లేదు. అక్కకి చెవులు మూసుకుపోతున్నాయి. వచ్చే ఏటికి ఏమీ వినపడకపోవచ్చని డాక్టరు చెప్పేశాడు. తను కట్టిన పాటని తను కట్టినట్టుగా అక్క ఒక్కసారైనా వినాలంటే ఇప్పుడే వినాలి.

కుట్టుమిషను ఆపి కూతుర్ని పిలిచింది.

"నాలుగో చరణం వదిలెయ్యవే. మిగతా మూడూ నెమ్మదిగా పాడు."

చప్పట్లు పడేదే ఆ చరణానికని, అది తీసేస్తే ఓడిపోతామని కూతురు నెత్తీనోరూ కొట్టుకుంది.

"ఓడిపోదాం. మీ పెద్దమ్మకి వినపడుతుండగానే పాడు."

అమ్మాయి కొన్నాళ్ళు మొహం మాడ్చుకుని తిరిగింది గానీ, వేదికెక్కాక తల్లి మాటే నిలబెట్టింది.

ఇంట్లో టీవీ శబ్దం పూర్తిగా పెంచి అక్కచెల్లెళ్ళిద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. మూడో చరణంతో పాట ఆగింది. ఇంకా ఉందేమోనని చూసి, జనం ఆలస్యంగా చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత మార్కులు చదవడం మొదలైంది. మన పాటకి పడిన మార్కులు పగవాడికి కూడా వద్దు. కర్టెన్లమ్మ అటు చూడలేదు. అక్క మొహంలోకి చూడడానికీ ధైర్యం చాలలేదు.

ఇంతలో పక్కనుంచి సన్నని గొంతు వినపడింది. అక్క కళ్ళు మూసుకుని, పిల్ల ఆపినచోటే అందుకుని, నాలుగో చరణం పాడుతోంది. గొంతులో ఎక్కడా తొందర లేదు.

కర్టెన్లమ్మ మార్కుల మధ్యలోనే టీవీ కట్టేసింది.